కూలిన చెట్లు కోసుకుంటూ

అన్నయ్యకి,

చెల్లి జయమ్మ నమస్కారాలు. నువ్వు, వదిన, పిల్లలు, అమ్మ అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ చలికి అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయో రాయి. నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోవద్దు. ఇక్కడ ఫోన్ సిగ్నల్ కోసం కొండెక్కాలి, ఎక్కినా మాట ముక్కలుగా వినిపిస్తుంది. అందుకే ఈ ఉత్తరం. అమ్మకి చదివి వినిపించు, మధ్యలో వచ్చే గొయ్యి సంగతి మాత్రం వదిలేయి.

పెళ్ళయి ఈ అరకు కొండల్లోకి వచ్చాక ఆయన నా దగ్గరున్నది తక్కువే. విశాఖలో బిల్డింగు పనికి పోతే, వీలు దొరికినప్పుడే రాక. ఇంట్లో నేనూ అత్తా. చుట్టుపక్కల వాళ్ళంతా ఆదివాసీ ఒడియాలో మాట్లాడుకుంటారు. నాతో అయితే తెలుగులో ఒకటి రెండు మాటలు, అంతే. అత్త అదీ తక్కువే. పొద్దున్న చోడి అంబలి నా ముందు పెట్టి, తన గిన్నె తీసుకుని అరుగు మీదకి పోయేది. మిగతా పూటలు నేను వండింది బాగుందో లేదో కూడా తెలిసేది కాదు. తిండికి లోటు లేదులే. ఇక్కడి సంతలో ఎండు మెత్తళ్ళ చేపలు మాత్రం మనవైపు రుచి లేవు.

మొన్న గాలివానకి మా కాఫీ తోటలో నీడకి పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు చాలా కూలిపోయాయి, కాఫీ మొక్కల మీదే. పండు ఎర్రబడేలోగా అవి తీయకపోతే కోతకి దారి ఉండదు. రంపం మిషను పెట్టి కోసేవాళ్ళు అందరి తోటల్లోనూ పనిలో ఉన్నారు, ఎవరూ రాలేదు. ఆయనకి ఫోన్ చేస్తే సెలవు లేదన్నాడు. సరే, నేనే కోస్తానన్నాను.

మిషను కొనడానికి శృంగవరపుకోట వెళ్ళాను. షాపతను నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు.

"మీ ఆయన్ని తీసుకురామ్మా. ఇది బరువు సూసి కొనాల."

"కోసేది నేనే. నా బరువే చూడండి" అన్నాను.

పళ్ళ గొలుసు తిరిగే బారు పొడుగ్గా ఉన్న పెద్ద మిషను చేతిలో పెట్టాడు. "దీనితోటైతే బేగి తెగుద్ది."

నడుం దగ్గర పట్టుకుని కాసేపు నిలబడ్డాను. బారు నేలకి వాలిపోయింది. బేగి తెగినా నేను అంతకన్నా బేగి అలిసిపోతానని చిన్నది అడిగాను. మా చెట్లు నా తొడ లావుకి కొంచెం ఎక్కువ, వాటికి చిన్న బారు చాలు. అక్కడి మెకానిక్ మంచివాడు. పెట్రోల్‌లో ఆయిల్ కలపడం, బ్రేకు వేసి తాడు లాగడం చూపించాడు. "బారు ముక్కు దేనికీ తగలనియ్యకమ్మా, తగిలితే మొకం మీదకి లెగుద్ది. భుజం దాటి ఎత్తకు" అని రెండుసార్లు చెప్పాడు.

మొదటిరోజు చెయ్యి నొప్పెట్టేదాకా తాడు లాగినా మిషను అందుకోలేదు. రెండోరోజు అందుకుంది కానీ, మధ్యలో కుంగిన మాను పైనుంచి కోస్తే బారు ఇరుక్కుపోయింది. అత్త గొడ్డలితో గంటు పెట్టి విడిపించింది. "ఆడమనిసికి ఈ రొద ఏటి" అని వెళ్ళిపోయింది. అప్పట్నుంచి అలాంటి మాను కింద నుంచి కోస్తున్నాను. రొద తగలకుండా చెవులకి కప్పులు పెట్టుకుంటే ఏమీ వినపడదు. మిషను ఆపితే మంచులో కొండంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది. ఎవరైనా పిలిచారేమోనని చెవి ఒగ్గి వింటాను. ఎవరూ పిలవరు.

ఇక గొయ్యి సంగతి. ఒక పెద్ద చెట్టు వేళ్ళతో సహా పెకిలి పడింది. వేళ్ళూ మట్టీ గోడలా పైకి లేచి, దాని వెనక గొయ్యి. మొదలు దగ్గర సగానికి పైగా కోశాక పెట్రోల్ అయిపోయింది. మిషను ఆగాక వేళ్ళ వెనక దగ్గు వినిపించింది. వెళ్ళి చూస్తే అత్త ఆ గోతిలో కూర్చుని, చెట్టుతో పాటు ఊడొచ్చిన మిరియాల తీగలు వేళ్ళు తెగకుండా తీస్తోంది, మళ్ళీ నాటుకోడానికి.

"బయటికి రా అత్తా, మాను దొర్లుతుందేమో" అన్నాను.

"ఇంకొక్క తీగుంది."

"తర్వాత తీద్దాం."

విసుక్కుంటూనే పైకొచ్చింది. పెట్రోల్ పోసి మిగిలింది కోశాను. మాను తెగి విడిపడగానే, ఆ వేళ్ళ గోడ మొత్తం మొదలుతో సహా వెనక్కి లేచి గోతిలో కూర్చుంది. చెట్టు ఎప్పుడూ పడనట్టే మోడు నిటారుగా నిలబడింది. గొయ్యి లేదు. మొదలు అలా లేస్తుందని నాకెవరూ చెప్పలేదన్నయ్యా. మిషను దించి కూలబడిపోయాను. అత్త చేతిలో తీగలు అలాగే ఉన్నాయి.

తర్వాత ఆమే వచ్చి నా చెయ్యి పట్టుకుని, కూతుర్ని పిలిచినట్టు పిలిచింది. "లెగు గుంటా. ఇంటికెల్లి తిందాం."

ఆ పూట నా పక్కనే కూర్చుని తిన్నది. మర్నాటి నుంచి నేను కోస్తున్నంతసేపూ దూరంగా, నాకు ఎదురుగా కూర్చుంటోంది, కనపడేలా. మాటలు ఇంకా తక్కువే. ఆయనకి ఈ సంగతి ఇద్దరం చెప్పలేదు. దారి మాత్రం చాలావరకు తెరుచుకుంది, పండు అందుతుంది.

పార్వతీపురం వెళ్తే గొలుసు పదును పెట్టే గుండ్రటి ఆకురాయి ఒకటి తెచ్చి ఉంచు, వీలైతే ఎండు మెత్తళ్ళు కూడా. అమ్మకి, పెద్దలందరికీ నా దండాలు చెప్పి, నన్ను దీవించమని అడుగు. వదినని అడిగానని చెప్పు, పిల్లలకి ముద్దులు. మనూరి వాళ్ళెవరైనా బొర్రా గుహలు చూడ్డానికి వస్తే ఇటు కూడా రమ్మను. పని ఏమీ లేదు. ఓ పూట కూర్చుని మన మాటలో ఏదో ఒకటి మాట్లాడి వెళ్ళమను.

మీ అందరి మేలు కోరే
నీ చెల్లి
జయమ్మ