దానియేలు అంకుల్ పాటలో కోసేసిన పేరు

శుక్రవారం, ఇల్ఫర్డ్

దానియేలు అంకుల్ పాటలోంచి ఆయన పేరే కోసేశారు. కోయించింది మా ప్రొఫెసర్. కోసిన కంప్యూటర్ ప్రోగ్రాం రాసింది నేను.

అంకుల్‌ది ముసలివాళ్లని చూసుకునే కేర్ హోమ్‌లో ఉద్యోగం. డ్యూటీల రోటాలో శనివారం సెలవు దొరికితే స్టేషన్ బయట డప్పు కొట్టి పాడతాడు. వీధిపాటల మీద మా రిసెర్చ్ కోసం నేనే రికార్డు చేశాను. పాట కట్టినవాడు ఆఖరి చరణంలో తన పేరూ ఊరూ చెప్పుకోవడం వాళ్ల నాన్న నేర్పిన పద్ధతి. రికార్డింగుల్లో మనుషుల పేర్లుంటే తీసెయ్యమన్నాడు ప్రొఫెసర్, ప్రైవసీ అట. నా ప్రోగ్రాం ఆ చరణమంతా మింగేసింది.

ఇవాళ నా ఫోన్‌లో వినిపిస్తే అంకుల్ దాన్ని తిరిగి నా చేతిలో పెట్టేసి, "మొండెం తెచ్చావు, తలకాయేదిరా అబ్బాయ్?" అన్నాడు.

ప్రొఫెసర్‌కి చెబితే నవ్వాడు. "అతని మేలుకే కదా. సోమవారం పదింటికి మన ల్యాబ్‌లో పెట్టే ప్రదర్శనలో పేరు తెలియని గాయకుడు అని వేద్దాం."

తెలియకపోవడమేంటి? రికార్డింగుకి ఒప్పుకున్నట్టు ఫారం మీద అంకుల్ చేత సంతకం పెట్టించుకున్నదే మేము. ఆ నవ్వు తలుచుకుంటే అసహ్యంగా ఉంది. నా మీదా అంతే. శ్రమజీవి గొంతు శ్రమజీవిదేనని కరపత్రాలు చదివి ఊగిపోయేవాణ్ణి, ఆ ప్రోగ్రాం రాసిన రోజు దాని టెస్టులన్నీ పాసయ్యాయని టీ తాగి పండగ చేసుకున్నాను.

నా డిగ్రీ ప్రొఫెసర్ సంతకం మీదే ఉంది. ఏం చేస్తాడో...

సోమవారం సెలవొచ్చేలా అంకుల్ రోటా మార్చుకున్నాడు. మనవాళ్లందరికీ మెసేజ్ పెట్టాను: సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకల్లా మా ల్యాబ్ గుమ్మం ముందుకి రండి. అంకుల్ పాట మొత్తం పాడతాడు.