రెక్కల పాము బరువు

1974, భాద్రపదం. గురువారం రాత్రి, సంగారెడ్డి.

పటాన్‌చెరు బస్టాండులో కొన్న కథల పుస్తకం మా బిడ్డ లక్ష్మికి చదివి వినిపించాను. అందులో నిప్పులు కక్కే రెక్కల పాము ఉంది. అదెంత పెద్దదో మాత్రం రాయలేదు.

"మా కొండాపూర్ బాయి మోట తాడంత పొడుగుంటది," అంది వాళ్లమ్మ.

నాకు పొడుగులు తట్టవు, బెల్లం కొట్టువాడిని. "ఇరవై బస్తాలు తూగుతది," అన్నాను.

లక్ష్మి జ్వరపు కళ్లు నా వైపు తిప్పింది. "నన్ను ఎత్తుకపోతే దానికి బరువైతనా నాయినా?"

"మస్తు బరువైతవు బిడ్డా! దాని రెక్కలు ఇరుగుతయి."

లక్ష్మి నవ్వలేదు.

జ్వరం తగ్గితే పిల్ల ఎత్తు బెల్లం సమ్మక్క తల్లికి ఇస్తామని ఎండాకాలంలో మొక్కుకున్నాం. ఆ రోజే దాన్ని కొట్టు కాంటాలో కూర్చోబెట్టి, సరితూగిన బెల్లం విడిగా పెట్టాం. ఈ పొద్దున మళ్లీ కూర్చోబెడితే బెల్లం పళ్లెం నేలకు ఆనింది, పిల్ల పైకి లేచింది. సరితూగాలని ఒక్కో ముద్దా తీస్తూ పోయాను.

"ఇగ తియ్యకుండ్రి," అని నా చెయ్యి పట్టుకుంది వాళ్లమ్మ.

తీసిన ముద్దలు గల్లా పక్కనే ఉన్నాయి. చీమలు పట్టాయి. తిరిగి అమ్మకంలో కలపడానికి చేతులు రావడం లేదు.