వీధి మలుపులో నిమ్మకాయలు

ఏజాక్స్, కెనడా,
నవంబర్ 6, 2023

చిరంజీవి ధాత్రికి, పై అంతస్తు కేశవరావు అంకుల్ దీవెనలు.

వాట్సాప్‌లో పెడితే మీ తరం ఒక బొటనవేలు చూపించి మర్చిపోతుంది. అందుకని కాగితం మీద రాసి బేస్‌మెంట్ తలుపు కింద నుంచి తోస్తున్నాను.

పొద్దున ఎదురింటి మార్గరెట్ గారు నన్ను ఆపింది. మన వీధి మలుపులో కుంకుమ అద్దిన నిమ్మచెక్కలూ ఎండుమిరపకాయలూ పడున్నాయట. వాళ్ళ కుక్క వాసన చూసి గంటసేపు తుమ్మిందట. నేను ఏమీ తెలియనట్టు తలూపి వచ్చేశాను. సిగ్గుతో చచ్చిపోయాననుకో.

అమ్మా, ఈ వీధికి వచ్చిన మొదటి తెలుగువాణ్ణి నేను. ఇరవై ఆరేళ్ళు ఆకులు ఊడ్చి, మంచు ఎత్తి, కిటికీలు బిగించుకుని పోపు పెట్టుకుని సంపాదించిన పేరు ఇది. నిన్నగాక మొన్న దిగిన మీ స్టూడెంట్లు దాన్ని గంగలో కలుపుతున్నారు. దిష్టి తీసుకోవాలనిపిస్తే లోపలే తీసుకుని లోపలే పారేయండి.

ఇట్లు,
మీ మంచి కోరే కేశవరావు

తా.క.: అయినా వేర్‌హౌస్‌లో డబ్బాలు మోసేవాళ్ళ మీద ఎవరి కన్ను పడిందమ్మా?

*

నవంబర్ 7

గౌరవనీయులైన అంకుల్ గారికి, ధాత్రి నమస్కారాలు.

ఆ నిమ్మకాయలు మావి కావు. నేనూ రూపా పొద్దున కాలేజీకి, అక్కణ్ణుంచి పనికి పోతున్నాం. మాకు తల దువ్వుకోవడానికే టైమ్ లేదు.

నల్గొండ నుంచి వచ్చినప్పుడు ఇంటి కోసం పది గడపలు ఎక్కాం అంకుల్. స్టూడెంట్స్ అనగానే తలుపు వేశారు. అందులో నాలుగు తెలుగువాళ్ళవే. పదకొండోది మీది. దీన్ని పోగొట్టుకునే పని మేమెందుకు చేస్తాం?

ఉంటాను,
ధాత్రి

తా.క.: నిమ్మకాయ దొరికితే మేం పులిహోర కలుపుకుంటాం. రోడ్డు పాలు చేసేంత స్థోమత లేదు.

*

నవంబర్ 14

ధాత్రికి,

దీవెనలు ఈసారికి ఆపుతున్నాను.

ఆదివారం తొలి మంచు పడింది. ఆ తెల్లటి మంచు మీద, అదే మలుపులో, కుంకుమ పోసి పగలగొట్టిన గుమ్మడికాయ. మార్గరెట్ గారు రక్తమనుకుని హడలిపోయింది. ఇప్పుడు సిటీ వాళ్ళకి కంప్లైంట్ కూడా వెళ్ళింది.

నేను పోయిన వారమే తలుపు దగ్గర కెమెరా పెట్టించాను. సోమవారం పొద్దున ఏడింటికి పాలిథీన్ కవర్ పట్టుకుని ఆ మలుపులో వంగింది ఎవరు? నువ్వు. పులిహోర కబుర్లు నా దగ్గరా? స్టూడెంట్ల గురించి అందరూ చెబుతుంటే నమ్మలేదు, నాదే బుద్ధి తక్కువ. డిసెంబర్ ఆఖరుకి వేరే చోటు చూసుకోండి.

కేశవరావు

తా.క.: ఈ సంగతి చెప్పినప్పటి నుంచి మీ పద్మిని ఆంటీ సరిగ్గా అన్నం తినడం లేదు. ఆవిణ్ణి అంత కష్టపెట్టారు.

*

నవంబర్ 15

అంకుల్ గారికి నమస్కారం.

అక్కడ వంగింది నేనే. పడేయడానికి కాదు, ఎత్తడానికి. నిమ్మచెక్కలు కూడా ఆ వేళ నేనే తీసేశాను. పడేసిందెవరో చెప్పనని మాటిచ్చాను, చెప్పను. నా వీడియో ఉన్న కెమెరాలోనే ముందురోజు సాయంత్రంది కూడా ఉంటుంది. ఒక్కసారి చూడండి.

ఎందుకు ఎత్తానంటారా? మీరు సంపాదించిన పేరు మీ ఒక్కరిది. మాది ఉమ్మడి పేరు అంకుల్. ఎవరో ఎక్కడో ఏదో చేస్తారు, బస్‌స్టాప్‌లో బ్యాగ్ తగిలించుకుని నిలబడ్డ మా ముఖాలు చూస్తారు. బయటివాళ్ళు చూస్తే ఓర్చుకోవచ్చు. మీరూ అట్లనే చూస్తే ఏడుపొచ్చింది.

వచ్చే నెల పదిహేనో తారీఖు నుంచి పరీక్షలు. ఈ చలిలో ఇల్లు ఎక్కడ వెతకాలి?

ధాత్రి

తా.క.: గుమ్మడికాయ కొట్టేది కొత్త కారు కొన్నవాళ్ళు. మా ఇద్దరికీ ఉన్నది బస్ కార్డే.

*

నవంబర్ 17

ధాత్రికి,

అదీ సంగతి. నా కొత్త కారు మీదన్నమాట మీ ఏడుపు.

దొంగ దొరికాక ముందురోజు వీడియో చూడాల్సిన ఖర్మ నాకేం పట్టింది? గురువారం సిటీ ఆఫీసర్ వస్తున్నాడు. ఇది స్టూడెంట్ల పని, మా పాతకాపులకి సంబంధం లేదని నేనే చెప్తాను.

కేశవరావు

తా.క.: ఈ గొడవలన్నీ చూసి, నాకూ కారుకీ కలిపి గట్టిగా దిష్టి తీయాలంటోంది ఆంటీ. తియ్యమన్నాను.

*

డిసెంబర్ 1

అంకుల్ గారికి, ధాత్రి నమస్కారాలు.

ఇది తలుపు కింద నుంచి రాలేదని గమనించే ఉంటారు. మీ మెయిల్‌బాక్స్‌లో నేనే వేశాను.

పోయిన వారం గురువారం మీరు ఆఫీసర్‌కి మమ్మల్ని చూపించి చెప్పిందంతా మెట్ల మీద నిలబడి విన్నాం. అప్పుడు మార్గరెట్ గారు రోడ్డు దాటి వచ్చి, తన ఫోన్‌లో మూడు ఫొటోలు చూపించారు. మూడింట్లోనూ మీ పెద్ద కోటు తొడుక్కున్న పద్మిని ఆంటీ. మూడోది మీరు తియ్యమన్న రోజుది. "ఈ పిల్లలు ఎత్తేవాళ్ళు. పడేసేది ఆయన భార్య" అన్నారావిడ. కంప్లైంట్‌లో మొదటి నుంచీ ఉన్నది మీ పేరేనట. స్టూడెంట్లని ఇబ్బంది పెట్టొద్దని కూడా ఆవిడే రాశారట.

మీరు లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. ఆంటీ కిందికొచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చారు. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆ సాయంత్రం మీరు తోసిన కాగితం కూడా అందింది. "చిరంజీవి ధాత్రికి" అని రాసి, కింద ఏమీ రాయలేకపోయారు. దాచుకున్నాను.

మాకు ఇల్లు దొరికింది, నిన్ననే మారాం. ఈ పన్నెండో ఇంటావిడ స్టూడెంట్సా అని అడగలేదు, పరీక్షలెప్పుడని అడిగారు. కొత్త అడ్రస్ మీకు తెలిసిందే. కర్టెన్ తీస్తే కనిపిస్తాం.

ఎదురింటి నుంచి,
ధాత్రి

తా.క.: పొద్దున మార్గరెట్ గారు కిటికీలోంచి మీ కారు చూసి "ఎంత బాగుందో" అని రెండుసార్లు అన్నారు. ఆంటీకి చెప్పండి. కవర్ నేను తెస్తాను.