నెత్తుర్ల పేరుంటదా

బాపూ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి మూడేండ్లు. పోయిన నెల గోదావరిఖని దవాఖానల ఎప్పటిలెక్కనే నెత్తురిచ్చిన. ఈసారి నర్సమ్మ ఇంకో చిన్న సీసాల గూడ పట్టింది.

"జీన్ల పరీక్షకు, అన్నా. గ్రూపుల లోపలి రకాలు గూడ తెలుస్తయి. మాటిమాటికి నెత్తురు ఎక్కించుకునే పిల్లలకు సరిగ్గ కుదిరేది దొరుకుతది" అన్నది.

నాకు నమ్మబుద్ధి కాలే. నువ్వు రాజయ్య అనే వేరేటాయన కాగితాల మీద బొగ్గుబాయిల దిగి, ముప్పై ఏండ్లు ఆ పేరుతోనే బొగ్గు తీసినవ్. నీ నౌకరి నాకొచ్చింది గూడ రాజయ్య కొడుకుననే. అసలు సంగతి బయటపడితే ఆ నౌకరి పోతది.

"తండ్రెవరో గిట్ల బయటపడుతదా?" అని అడిగిన.

"అవన్నీ సూడరన్నా" అని నవ్వింది. ఆ నవ్వు మీద గూడ నాకు అనుమానమే. సీసా మీద ఏం రాసిందో తొంగి చూసిన. నంబరొక్కటే ఉన్నది.

ఫారంల తండ్రి పేరు కాడ చెయ్యి ఆగింది. ఇచ్చేది నీ నెత్తురే గదా అని, మొదటిసారి మల్లయ్య అని నీ అసలు పేరు రాసిన. అప్పటిసంది ఫోన్ మోగితే చాలు, కంపెనోళ్లేమో అని నంబరు చూసుడే.

ఇయ్యాల పొద్దుగాల మోగనే మోగింది. "మల్లయ్య గారి కొడుకేనా? మీ నెత్తురు ఒక పాపకు కుదిరింది, జల్ది రాండ్రి" అన్నరు.

నిన్ను నీ పేరుతోని అడిగినోళ్లు వీళ్లే మొదలు బాపూ. అవును, మల్లయ్య కొడుకునే అన్న.

బయలెల్లుతున్న. తండ్రి రాజయ్య అని ఉన్న నా ఆధార్ కార్డు మాత్రం ఇంట్లనే పెట్టి పోతున్న.