అంచు కనిపించడం లేదు

జూన్ 2

పళ్ల క్యాపులు పదకొండు. బ్రిడ్జి ఒకటి. వెనక్కి పంపిన అచ్చులు నాలుగు.

డెంటల్ స్కూళ్ల దరఖాస్తులు ఈ రోజు తెరిచారు. ఏ స్కూలు గొప్పదో అని పిల్లలంతా ఇంటర్నెట్లో కొట్టుకుంటున్నారు. ర్యాంకులు, బ్రోషర్లు, తెల్లకోట్లు వేసుకుని ఇకిలించే మొహాలు. ఆ స్కూళ్లలో చదివినవాళ్లు అరగదీసిన పన్ను ఎలా ఉంటుందో వీళ్లలో ఒక్కడూ చూసి ఉండడు. నేను పందొమ్మిదేళ్లుగా అదే చూస్తున్నాను.

నాకు నలభై ఒకటి. సాయంత్రం క్లాసులతో తొమ్మిదేళ్లకు డిగ్రీ అయింది. ఎంట్రన్సు మార్కులు సరిపోతాయి. క్రిస్మస్‌కల్లా మా ల్యాబుకి క్యాపులు చెక్కే యంత్రం వస్తుంది. నేను మైనంతో క్యాపుల నమూనాలు చేసే బల్ల తీసేస్తారు. ఈ ఏడు సీటు రాకపోతే ఈ చేతులతో చేయడానికి పనేమీ ఉండదు.

జూన్ 4

పదిహేను స్కూళ్లకు పంపాలట. అంతమందిని అడుక్కోవడం నా వల్ల కాదు. మూడు చాలు. వాటికి నేను పెట్టుకున్న పేర్లే ఇక్కడ రాస్తాను.

ర్యాంకులు నాకెందుకు? ఆరేళ్లుగా రాస్తున్న నోటుబుక్కు ఉంది. డాక్టరు పన్ను అరగదీసి, అచ్చు తీసి మాకు పంపుతాడు. దాని మీద క్యాపు నేను చేస్తాను. అరగదీయడం ఎక్కడ ఆపాడో గీత గీసినట్టు తెలియాలి. అదే అంచు. అంచు ఉంటే చదువుకున్నవాడు. లేకపోతే ఫీజు కట్టినవాడు.

గాజు స్కూలు: నూట ముప్పై అచ్చుల్లో అంచు కనిపించినవి నలభై. బిల్డింగు నిండా అద్దాలే, లోపల ఒక్కడికీ కళ్లు లేవు. ఆఖరి స్థానం.

మైదానం స్కూలు: పేరు విన్నవాళ్లే తక్కువ. అక్కడ చదివి మాకు అచ్చులు పంపేది ఇద్దరు. ఏమీ చెప్పలేను.

కొండ స్కూలు: మొదటి స్థానం. కారణం డాక్టర్ ఎంగెన్. ఈ ఆరేళ్లలో ఆయన అచ్చు ఒక్కటి కూడా వెనక్కి పంపలేదు. ఆయన ఎక్కడ చదివాడో ఎక్కడా రాసి లేదు. ఆ పనితనం కొండ స్కూలుదే. అడగనక్కర్లేదు.

జూన్ 5

మార్లీస్ నా నోటుబుక్కు చూసింది. పక్క బల్ల మీద పింగాణీ వేసేది ఆమే. ఏమోయ్ లైల్, గుర్రాన్ని కొనేవాడిలా పళ్లు చూసి కాలేజీ కొంటున్నావా అంది. అందరి నోళ్లలో తప్పులు వెతుకుతావు సరే, ఇంటర్వ్యూలో నీ నోరు తెరుచుకుంటుందా, ముందు అది చూసుకో అంది.

పని చేసుకున్నాను.

జూన్ 9

ఒక డాక్టరు నుంచి సిఫారసు ఉత్తరం కావాలట. ఎంగెన్‌నే అడుగుతాను. మిగతావాళ్ల ఉత్తరాలు వాళ్ల అచ్చుల్లాగే ఉంటాయి.

జూన్ 10

క్యాపులు తొమ్మిది. పొగమంచు. ల్యాబు కిటికీలోంచి సరస్సు కనిపించలేదు.

జూన్ 12

ఎంగెన్ క్లినిక్‌కి వెళ్లాను. ఆయన్ను చూడడం ఇదే మొదటిసారి. పేరు చెప్పగానే లేచి నిలబడ్డాడు. చీటీలు రాసే లైల్ మీరేనా అన్నాడు.

సొరుగు లాగాడు. రబ్బరు బ్యాండు వేసిన చీటీల కట్ట. అచ్చు తిప్పి పంపేటప్పుడు పెట్టెలో పెట్టేవాణ్ని. నా చేతిరాతే.

అంచు కనిపించడం లేదు. మళ్లీ.

ఇది పన్నా, అరిగిన సబ్బా?

కళ్లద్దాలు మార్చండి.

ఇవన్నీ నోటుబుక్కు మొదలుపెట్టకముందువి. అప్పట్లో ఆయన పని క్లినిక్‌లోని పెద్ద డాక్టరు పేరు మీద వచ్చేదట. మొదటి ఏడాదే నలభై మూడు చీటీలు. ఒక రోజు కారులో కూర్చుని ఏడ్చానండీ అని నవ్వుతూ చెప్పాడు. స్కూల్లో నాలుగేళ్లూ అందరూ బాగుంది, బాగుంది అన్నారట. బాగాలేదని చెప్పింది మీరొక్కరే అన్నాడు.

ఎక్కడ చదివారని అడిగాను.

గాజు స్కూలు.

ఉత్తరం రాస్తానన్నాడు. ఇంతకీ మీరెప్పుడైనా పన్ను అరగదీశారా అని అడిగాడు. లేదన్నాను. వచ్చే వారం శనివారం రండి, ప్లాస్టిక్ పన్ను ఇస్తానన్నాడు.

జూన్ 13

నోటుబుక్కు దేనికీ పనికిరాదు. కొండ స్కూలుకిచ్చిన మొదటి స్థానం నా చీటీలకు నేనే ఇచ్చుకున్నాను. ఎంగెన్‌ను తీసేస్తే ఆ స్కూలూ గాజు స్కూలు లాంటిదే.

బ్రోషర్లు నమ్మే పిల్లల కంటే పెద్ద వెధవను. వాళ్లకు కనీసం ఫొటోలున్నాయి.

జూన్ 16

మూడింటికీ ఫోన్ చేశాను. ఒకటే ప్రశ్న. విద్యార్థి పని బాగాలేకపోతే ఆ మాట చెప్పేదెవరు?

గాజు స్కూలు అమ్మాయి తమ దగ్గర ఎవరినీ నొప్పించరని చెప్పింది. పరీక్షల వారంలో నిమురుకోవడానికి కుక్కను తెస్తారట. ఆ కుక్కకైనా పళ్ల సంగతి తెలిసే ఉంటుంది.

కొండ స్కూలు అతను వందేళ్ల చరిత్ర చదివి వినిపించాడు. నా ప్రశ్న అతని చెవికి చేరలేదు.

మైదానం స్కూల్లో ఒక ముసలావిడ ఫోనెత్తింది. ఎత్తాల్సిన పిల్ల ఈ రోజు రాలేదట, తను పాఠం చెప్పే టీచరట. చెప్పేదెవరేంటి బాబూ, నేనే దాన్ని చెత్తబుట్టలో పడేస్తాను అంది. వాళ్లు ఏడుస్తారు, ఏడ్చి మళ్లీ చేస్తారు అంది. నీకు ఏడవడం వచ్చా అని అడిగింది. తెలియదన్నాను. అయితే రా, తెలుస్తుంది అంది.

మైదానం స్కూలు ఒక్కదానికే పంపాను.

మార్లీస్ తల పట్టుకుంది. ఒక్కదానికేనా, అదీ ముసలిదాని గొంతు నచ్చా, నీకేమైనా పిచ్చా అంది.

జూన్ 20

శనివారం. ప్లాస్టిక్ పన్ను అరగదీశాను. గంటన్నర పట్టింది. అచ్చు ల్యాబుకి తెచ్చాను.

నోటుబుక్కులో కొత్త వరుస. డాక్టరు పేరు ఉండే చోట నా పేరు. స్కూలు గడి ఖాళీ.

భూతద్దం కింద చాలాసేపు చూశాను. చీటీ రాసి పెట్టెలో పెట్టాను.

అంచు కనిపించడం లేదు. మళ్లీ.