కమల నిలబడే చోటు

ట్రాలీ (ఐర్లండ్), 2010 నవంబరు, శనివారం

ఈ సాయంత్రం హాల్లో ఫ్రాన్స్ పడమటి తీరం నుంచి వచ్చిన బ్రెటన్ల పాటా ఆటా. మాంద్యం దెబ్బకు వచ్చే ఏడాది వాళ్లను పిలవరట. ఏటా వరుస చివర నిలబడి ఆడిన నా భార్య కమల పోయాక ఇదే మొదటిసారి, ఇదే ఆఖరిసారి కూడా.

సన్నాయిలాంటి వాద్యం ఒక ముక్క వాయించి ఊపిరి తీసుకుంటే, తోలుసంచిలో గాలి నింపి వాయించే తిత్తి అదే ముక్కను అందుకుంటుంది. ఈ పాటా ఆటా గురించి నేను పుస్తకాలు చదివాను. కమల ఒక్కటీ చదవలేదు, అడుగు మాత్రం తప్పేది కాదు.

అందరూ చిటికెన వేళ్లు పెనవేసుకున్నారు. చివరనున్న బ్రెటన్ ముసలావిడ అలవాటుగా కమల కోసం వేలు చాపింది. నన్ను అన్నయ్యా అని పిలిచే స్నేహితుడు రావు కుర్చీలోంచి లేచి అటు కదిలాడు.

“వదినగారి ప్లేస్ ఖాళీగా ఎందుకు అన్నయ్యా?”

“కూర్చో రావూ. బతికుండగా ఆవిడవి కుప్పిగంతులన్నావు.”

“జోక్‌గా అన్నాను.”

“ఆవిడ నవ్వలేదు.”

నేనే వెళ్లి ఆ వేలు పట్టుకున్నాను. మొదట్లో అడుగులు తప్పాను. నా కుడి పక్కన ఎవరూ లేరు. అయినా ఆ చేతి చిటికెన వేలిని ఎవరో పట్టుకుని, పాట ముగిసేదాకా నన్ను సరైన అడుగులోకి లాగుతూనే ఉన్నారు.

తిరిగి చూస్తే రావు కుర్చీలోనే ఉన్నాడు.