రాను, రాలేను

అమలా,

అన్నం వార్చి మూత పెట్టాను. మీ అన్నయ్య మూడింటికి డ్యూటీ దిగి వస్తారు, ముందు కాఫీ ఇవ్వు. కుళాయి వచ్చినప్పుడు బిందెలు రెండూ నింపు.

నేను పామర్రు బస్సుకి వెళ్తున్నాను. రెండేళ్ల తర్వాత మా ఇశ్రాయేలు అన్నయ్య కార్డు రాశాడు. అప్పట్లో వాళ్లమ్మాయి పెళ్లప్పుడు నేను టైఫాయిడ్‌తో మంచం మీద ఉన్నాను. జబ్బని రాస్తే కంగారుపడతారని, అక్షరాలు కూడబలుక్కుని "పెళ్లికి రాను" అని మాత్రం రాసి పంపాను. ఎలా రాసినా ఒకటే అనుకున్నాను. మొన్నామధ్య నువ్వు క్రియలు చెబుతూ, "రాను అంటే ఇష్టం లేక, రాలేను అంటే వీలు లేక, వదినా" అన్నప్పుడు నేను రాసిన ముక్క గుర్తొచ్చింది. ఆ పూటే జబ్బు సంగతంతా అన్నయ్యకి రాశాను.

"ఇన్నాళ్లూ మా మీద కోపమనుకున్నాం. వెంటనే బయల్దేరమ్మా" అని జవాబిచ్చాడు. ఇప్పటికి నా ప్రాణం కుదుటపడింది.

నామవాచకం, సర్వనామం అంటూ నెలంతా తిప్పావు. క్రియలు ముందే చెబితే నీ సొమ్మేం పోయేది?

ఎల్లుండి వస్తాను.

మీ వదిన
దానమ్మ

ఈ చీటీ మీ అన్నయ్యకి కూడా చూపించు. ఎవరిచేతా రాయించలేదని చెప్పు.